సార్జెంటు తాగందే ఎవరూ తాగరు

మాయమైనవాళ్ళ గురించి విచారించడానికి విదేశాల నుంచి ఒక కమిషన్ వస్తోందని తెలియగానే మిలిటరీ ప్రభుత్వానికి శుభ్రత మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రొసారియోలో నది వైపు గోడలన్నిటికీ సున్నం కొట్టించారు. ఆ గోడల మీద మాయమైపోయిన పిల్లల పేర్లు ఉండేవి. సున్నం కింద ఆ పేర్లు కూడా మాయమయ్యాయి. ఊళ్ళో ఉన్న కార్లకీ, దుకాణాలకీ "మా దేశంలో అంతా క్షేమం" అన్న కాగితాలు అంటించారు. ఒర్ఫీలియా బెనెగాస్ నడిపే సెలూన్ తలుపుకి కూడా ఎవడో ఒకటి అంటించిపోయాడు. ఆమె దాన్ని పీకలేదు. దాని కింద లిప్‌స్టిక్‌తో "అయితే మావాడేడీ?" అని రాసింది. మర్నాడు పోలీసులు వచ్చి ఏకంగా తలుపునే పీక్కుపోయారు. "కాగితం మరీ గట్టిగా అంటుకుంది కాబోలు పాపం," అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, చలిగాలికి శాలువా బిగించుకుంటూ.

ఆమె కొడుకు లిసాండ్రో పశువైద్యం చదివేవాడు. కాలేజీ క్యాంటీన్‌లో సూపు ధర పెంచినప్పుడు, అందులో తేలే మాంసం ముక్క ఏ జంతువుదో పశువైద్యులకే అంతుపట్టడం లేదని ఒక కరపత్రం రాశాడు. రాజ్యాన్ని కూలదోయడానికి ఆ సూపు చాలని పైనెవరో తేల్చేశారు. రెండు చలికాలాల కిందట నంబరు పలక లేని ఆకుపచ్చ కారు ఒకటి వచ్చి, వాణ్ణి కాళ్ళకి ఉన్న సాక్సులతోనే ఎక్కించుకుపోయింది. వచ్చినవాళ్ళు పోతూ పోతూ రెండు హెయిర్ డ్రయ్యర్లూ, ఫ్రిజ్‌లో సగం మిగిలిన పుడ్డింగూ కూడా పట్టుకుపోయారు. దేశభక్తులకి ఆకలి ఎక్కువ.

ఆ తర్వాత ఒర్ఫీలియా ఎక్కని గడప లేదు. పోలీసులు తమ దగ్గర లేడన్నారు. సైన్యంవాళ్ళు తాము ఎవర్నీ పట్టుకోమన్నారు. చర్చిలో ఒక ఫాదరీ మాత్రం కాఫీ ఇచ్చి మరీ ఓదార్చాడు.

"ఏదో అమ్మాయితో స్పెయిన్ పారిపోయి ఉంటాడమ్మా. వయసు అలాంటిది."

"ఫాదర్, మావాడికి అమ్మాయితో మాట్లాడే ధైర్యమే ఉంటే నాకీపాటికి మనవలు పుట్టుండేవాళ్ళు. ఇక సాక్సులేసుకుని సముద్రం మీద నడిచి వెళ్ళాడంటారా, అది మీ ప్రభువు తర్వాత మావాడికే చెల్లింది."

ఆ ఫాదరీ మళ్ళీ ఆమెకి కాఫీ ఇవ్వలేదు.

కబురు మాత్రం సెలూన్‌కే నడిచి వచ్చింది. పోయిన శరత్కాలంలో ఎవరో తెలియని బక్కపల్చని మనిషి జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చుని, పెదవులు కదపకుండా, అద్దంలోకి కూడా చూడకుండా చెప్పాడు. "మీ అబ్బాయి ధాన్యం గోదాముల పక్కన ఉన్న బ్యారక్‌లో ఉన్నాడు. కళ్ళకి గంతలు కట్టి ఉంచుతారు. కొట్టినా పాటలు పాడతాడు, శ్రుతీ గితీ లేకుండా." ఆ ఆఖరి మాటతో ఒర్ఫీలియాకి అనుమానం తీరిపోయింది. వాళ్ళ ఇంటావంటా శ్రుతి లేదు. కత్తెర జారి ఆ మనిషికి ఒక చెవి పక్క జుట్టంతా లేచిపోయింది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆమెకి కావలసింది ఒక్కటే. వాణ్ణి విడిచిపెట్టమని కూడా కాదు. వాడు ఫలానా చోట ఉన్నాడని ఎవరో ఒకరు పైకి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న ఖైదీని చంపితే జవాబు చెప్పాల్సి వస్తుంది. లేనివాణ్ణి చంపితే చచ్చినవాడే ఉండడు. కమిషన్ రొసారియోలో రెండు రోజులే ఉంటుంది. అది విమానం ఎక్కాక లేనివాళ్ళని ఏం చేస్తారో ఆ ఊళ్ళో తల్లులందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు.

కమిషన్ దిగిన హోటల్ ముందు క్యూ చౌరస్తా దాటి, మలుపు తిరిగి, మిఠాయి కొట్టు దాకా సాగింది. ఒర్ఫీలియా వెనక నిలబడిన మనిషి బ్రీహిదా. మాంసం దుకాణం ఆమెది, మాట కూడా కత్తే. ఆమె కూతురు నొయెమీ సంగీతం టీచరు. నొయెమీ నవ్విందంటే పక్క వీధిలో కుక్కలు మొరుగుతాయని బ్రీహిదా గర్వంగా చెప్పుకునేది. లిసాండ్రోని పట్టుకుపోయిన నెలలోనే నొయెమీని కూడా పట్టుకుపోయారు. ఇద్దరు తల్లులూ ఇలాంటి క్యూల్లోనే కలిసి, రెండేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో నీళ్ళతో మాతే అనే చేదు ఆకు తేనీరు తాగుతూ స్నేహితులయ్యారు.

ఎండ ఎక్కుతుండగా ఫుట్‌బాల్ జెండాలు కప్పుకున్న కుర్రాళ్ళ గుంపు ఒకటి వచ్చింది. పొద్దున్నే రేడియోలో ఎవడో, ఫుట్‌బాల్ కప్పు గెలిచాం, హోటల్ ముందుకెళ్ళి విదేశీయులకి మన ఆనందం చూపించండని పిలుపిచ్చాడు. వాళ్ళు క్యూని చూసి ఈలలు వేశారు.

"దేశద్రోహుల తల్లుల్లారా! ఇళ్ళకెళ్ళి వంట చేసుకోండి!"

"మీ అమ్మ చేసిందారా ఇవాళ? ఏం వండింది?" అంది బ్రీహిదా.

ఒక కుర్రాడు పొరపాటున "పప్పు సూపు" అనేశాడు.

"అందులో పంది ఎముక వెయ్యమని చెప్పు. అప్పు కావాలంటే నా కొట్టుకి రమ్మను. పో, చల్లారిపోతుంది."

క్యూ అంతా నవ్వింది. కుర్రాళ్ళు కాసేపు జెండాలు ఊపి, ఏం చేయాలో తోచక వెళ్ళిపోయారు. బ్రీహిదా మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేడినీళ్ళు పోసి, వెండి గొట్టం సర్ది, ఒర్ఫీలియాకి అందించింది.

"నీ వంతు. ఒసేయ్, లోపలికెళ్ళాక నోరు అదుపులో పెట్టుకో. వాళ్ళు పెద్ద చదువులవాళ్ళు."

"పెద్ద చదువులవాళ్ళకే ఎక్కువ జుట్టు రాలుతుంది. నాకేం భయం."

హోటల్ హాల్లో ఆమె మాటలు విన్న పెద్దమనిషి పేరు డాక్టర్ మొన్రెయాల్. కమిషన్‌కి ఆయనే నాయకుడు. ఎక్కడో ఉత్తరాన కాఫీ పండే దేశం నుంచి వచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. రెండేళ్ళుగా ఒర్ఫీలియా చెప్పినదాన్ని మధ్యలో ఆపకుండా పూర్తిగా విన్న మొదటి అధికారి ఆయనే. ఆ ఒక్కదానికే ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఆ సంగతి ఆమెకే నచ్చలేదు.

"ఆ బ్యారక్‌ని మధ్యాహ్నం చూడబోతున్నాం సెన్యోరా," అన్నాడాయన.

"మీకు చూపించేది మీరు చూస్తారు. లోపల మావాడున్నా మీరు గుర్తుపట్టగలరా?"

కమిషన్‌కి సౌకర్యాలు చూడటానికి అని ప్రభుత్వం అంటగట్టిన కెప్టెన్ బార్సెనా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. సౌకర్యాలంటే ఎవరెవరు ఏం చెబుతున్నారో వినడం. అందగాడు, జుట్టుకి నూనె దట్టించి దువ్వినవాడు. విదేశీయుల ముందు అరుపులు వినపడకూడదని, పళ్ళు కనిపించాలని పైనుంచి ఆయనకి ఉత్తర్వు. అందుకని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"మా దగ్గర దాచేదేముంది డాక్టర్? ఉన్నది మామూలు దొంగలు ఏడుగురు. కావాలంటే ఈ తల్లిని కూడా తీసుకురండి. స్వయంగా చూసుకుని ఊరట చెందుతుంది."

"అయితే వస్తున్నాను," అని ఒర్ఫీలియా అప్పటికే చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. మొన్రెయాల్ కూడా కలం మూసి లేచాడు. కెప్టెన్ పళ్ళు అలాగే ఉన్నాయి కానీ వాటి వెనక నవ్వు లేదు.

బ్యారక్‌లో సున్నం వాసన ముక్కు పగలగొడుతోంది. పెరట్లో ఒక అంజూరపు చెట్టు ఉంది. సెప్టెంబరు కదా, ఆ దేశంలో వసంతం మొదలయ్యే కాలం, కొమ్మల చివర్ల చిన్ని చిన్ని ఆకులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఒర్ఫీలియా దాన్ని చూసీ చూడనట్టు చూసి నడిచింది. ఆమె కళ్ళు తలుపుల కోసం వెతుకుతున్నాయి. తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్క గదిలో ఇస్త్రీ చేసిన దుప్పట్లతో ఏడు మంచాలు, కిటికీలో పూలు, గోడకి మేరీమాత. మధ్యలో ఖైదీ బట్టలు వేసుకున్న ఏడుగురు గుండ్రంగా కుర్చీల్లో కూర్చుని మాతే తాగుతున్నారు. బట్టల మడతలు అప్పుడే విప్పినట్టున్నాయి. వాళ్ళలో ఒకడు మీసాలవాడు, మంచి బొజ్జ. ఖైదు కూడు తిని అంత బొజ్జ పెంచినవాణ్ణి మ్యూజియంలో పెట్టాలని ఒర్ఫీలియా అనుకుంది.

"తిండి ఎలా ఉంటుంది?" అని మొన్రెయాల్ అడిగాడు.

"చాలా బాగుంటుంది సార్!" అని ఏడుగురూ ఒకే గొంతుతో అన్నారు.

"కొడతారా?"

"లేదు సార్!"

మొన్రెయాల్ దిక్కుతోచక ఒర్ఫీలియా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఏడుగురిలో లిసాండ్రో లేడు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఉండడని తెలుసు, అయినా ఏడు మొహాలూ ఒక్కొక్కటే చూసినప్పుడు ఏడుసార్లు గుండె జారింది. కెప్టెన్ గడియారం చూసుకుని "మరి బయల్దేరదామా" అన్నాడు.

అప్పుడామె మాతే పోస్తున్న కుర్రాణ్ణి గమనించింది. బక్కగా, ఉత్తరాది కొరియెంతెస్ యాసతో ఉన్నాడు. ఆ బుర్రలో నీళ్ళు పోసి, తన కుడిపక్కవాడికి ఇవ్వకుండా లేచి, గుండ్రానికి అడ్డంగా నడిచి, మీసాలవాడికి రెండు చేతులతో అందించాడు. మీసాలవాడు తాగి తిరిగిచ్చాడు. కుర్రాడు మళ్ళీ పోసి, ఈసారి ఎడమవైపున్న పెద్దవాడికి ఇచ్చాడు. తర్వాత మళ్ళీ మీసాలవాడికే.

ఆ దేశంలో నియంతలు మారతారు, నోట్ల మీద సున్నాలు మారతాయి, మాతే తిరిగే దిక్కు మాత్రం మారదు. పోసేవాడు మొదటిది తనే తాగుతాడు, ఆ తర్వాత కుడివైపు నుంచి వరుసగా. బిషప్ వచ్చినా, మున్సిపాలిటీలో చెత్త ఎత్తేవాడు వచ్చినా తన వంతు దాకా ఆగాల్సిందే. జైల్లో అయితే మరీనూ, వంతు తప్పిస్తే దొంగలు కత్తులు తీస్తారు. వంతు తప్పించి పెద్దాయనకి ముందు పోసే అలవాటు ఉన్నది ఒక్క సైన్యంలోనే. మంచాలూ పూలూ మేరీమాతా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దారు గానీ, రోజూ చేసే పని ఎలా చేస్తున్నారో వాళ్ళకే తెలియలేదు.

ఒర్ఫీలియాకి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుంది. చేతిసంచీ మంచం మీద పడేసి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళింది.

"జరుగు నాయనా. నీళ్ళు మరిగించి ఆకు చంపేశావు. ఇటు తే, నేను పోస్తాను. నీ పేరేంటి?"

"క్రిసాంతో, సెన్యోరా," అన్నాడు కుర్రాడు, జరుగుతూ.

"సెన్యోరా, మనకి వేళ..." అని కెప్టెన్ ముందుకొచ్చాడు.

"ఒక్క వరుస కెప్టెన్ గారూ. మాతే వద్దన్న ఇంట్లో పీనుగ లేస్తుందంటారు. డాక్టర్‌గారికి మన మర్యాద తెలియద్దూ?"

మొన్రెయాల్ ఏం జరుగుతోందో తెలియకపోయినా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక కెప్టెన్ చేసేదేమీ లేకపోయింది.

ఒర్ఫీలియా మొదటి బుర్ర తనే తాగింది. ఒక్క గుక్క లోపలికి వెళ్ళింది, రెండోది నాలుక మీదే ఆపుకుని రుచి చూసింది.

మాతే ఆకు చేదు అడుగున, పచ్చి కొబ్బరిని తలపించే ఒక పలచని తీపి ఉంది. అంజూరపు ఆకు. ఆమె చచ్చిపోయిన మొగుడు ఆన్సెల్మో కడుపు మంటకి మంచిదని ఎండిన అంజూరపు ఆకు మాతేలో తుంచి వేసేవాడు. దేశం మొత్తం మీద ఆ పిచ్చి వాళ్ళింట్లోనే. ఏదెను తోటలో ఆదాము మొల చుట్టూ కట్టుకున్న ఆకు అదేనని వీధి వీధంతా ఏడిపించేది. తండ్రి పోయినా కొడుకు ఆ ఆకు మానలేదు.

ఆమె కెటిల్‌ని మోకాళ్ళ మీద పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు అరిస్తే ఈడ్చి బయటపడేస్తారు. అరవకూడదు. బుర్ర నింపి తన కుడిపక్కన కూర్చున్న మొటిమల కుర్రాడికి ఇచ్చింది.

కుర్రాడు పుచ్చుకున్నాడు కానీ తాగలేదు. మీసాలవాడి వంక చూశాడు.

"తాగు నాయనా, చల్లారిపోతోంది."

గొట్టం పెదవుల దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"ఎందుకు తాగడం లేదు?" అని మొన్రెయాల్ అడిగాడు.

"అదే చెబుతున్నా డాక్టర్‌గారూ. మా దేశంలో మాతే కుడివైపు తిరుగుతుంది. ఈ గదిలో మాత్రం బొజ్జవైపు తిరుగుతోంది." ఆమె ఆ కుర్రాడి చేతిలోంచి బుర్ర మెల్లగా తీసుకుంది. "భయపడకు నాయనా, నీ తప్పేం లేదు. మీలో సార్జెంటు ఎవరో చెప్పండి, ఆయనకే ముందిస్తాను."

"నేను కాదు!" అన్నాడు మీసాలవాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. మిగతా ఆరుగురూ ఒక్కసారిగా అతని వైపే తిరిగారు. అందులో ఇద్దరు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు కూడా. కెప్టెన్ బార్సెనా మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది. మొన్రెయాల్ జేబులోంచి కలం తీశాడు.

ఒర్ఫీలియాకి ఇప్పుడు సార్జెంటుతో పని లేదు. క్రిసాంతో వైపు తిరిగింది.

"ఈ ఆకు వెయ్యడం నీకెవరు నేర్పారు?"

"ఏ ఆకు? మా... మా అమ్మ నేర్పింది. మా ఊళ్ళో అందరూ ఏవో ఆకులు వేస్తారు."

"వేస్తారు. పుదీనా వేస్తారు, నిమ్మాకు వేస్తారు. ఇది వెయ్యరు. దీన్ని మా వీధిలో ఏమని పిలుస్తారో తెలుసా నీకు?"

ఏ క్షణాన తట్టిందో, కుర్రాడి మొహం విప్పారింది. చెప్పకూడదని గుర్తొచ్చేలోపే నోరు దాటేసింది.

"ఆదాము గోచీ నీళ్ళు!"

అని ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు సగంలో చచ్చిపోయింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఒర్ఫీలియా మాత్రం నవ్వుతూనే ఏడ్చింది.

"ఎప్పుడు చెప్పాడు నీకు? ఎండిన ఆకు కాదిది, కొత్త ఆకు. ఈ వారందే. ఎప్పుడు చెప్పాడు?"

క్రిసాంతో సార్జెంటుని చూడలేదు, కెప్టెన్‌ని చూడలేదు. కాళ్ళ వైపు చూసుకుంటూ అన్నాడు. "కాపలా ఉన్నప్పుడు నాకిచ్చిన మాతే అతనికీ ఇస్తుంటాను సెన్యోరా. చెట్టు చిగిర్చిందా అని రోజూ అడుగుతాడు. నిన్న కోసి ఇచ్చాను, మిగిలింది ఇందులో వేశాను."

"అతని పేరు?" అన్నాడు మొన్రెయాల్.

"లిసాండ్రో బెనెగాస్," అంది తల్లి. కుర్రాడు తల ఊపాడు.

"అలాంటివాడు ఇక్కడ ఎవడూ లేడు," అన్నాడు కెప్టెన్.

మొన్రెయాల్ గొంతు పెంచలేదు. "కెప్టెన్, ఈ సాయంత్రం నేను రిపోర్టు రాస్తాను. ఈ బ్యారక్‌లో సైనికులు ఖైదీల వేషం కట్టారని, లేని మనిషి చెప్పిన జోకులు కాపలావాళ్ళకి వచ్చునని రాయనా? నేను రాసింది చాలా దేశాల్లో చదువుతారు. మీ పేరు కూడా వేస్తాను, స్పెల్లింగ్ చెప్పండి. ఇంకొకటి. ఈ కుర్రాడి పేరు కూడా రాసుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు ఇతన్నే మాతే పొయ్యమంటాను."

కెప్టెన్ స్పెల్లింగ్ చెప్పలేదు. ఫోన్ చేసొస్తానని బయటికి వెళ్ళాడు. అవతల ఎవరో గట్టిగా తిడుతున్నట్టు, ఈయన "చిత్తం, చిత్తం" అంటున్నట్టు గోడ ఇవతలికి వినిపించింది. తిరిగొచ్చేసరికి నూనె పెట్టి దువ్విన జుట్టు చెదిరి ఉంది.

"చిన్న పొరపాటు జరిగింది. ఆ పేరుగల వ్యక్తిని అరెస్టు చేశారట. ఇవాళ పొద్దున."

ఇద్దరు సైనికులు లిసాండ్రోని తీసుకొచ్చారు. ఆ వెలుతురుకి కళ్ళు తెరవలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మనిషి సగం అయ్యాడు. జుట్టు భుజాల మీదికి, గడ్డం గుండెల మీదికి దిగింది. కాళ్ళకి సాక్సులు లేవు.

"పొద్దున అరెస్టయినవాడికి మధ్యాహ్నానికి ఇంత గడ్డమా?" అంది ఒర్ఫీలియా. "కెప్టెన్ గారూ, మీ బ్యారక్‌లో ఏం ఎరువు వేస్తున్నారు? మా కస్టమర్లలో బట్టతలవాళ్ళున్నారు, పంపిస్తాను."

"ముసలీ," అన్నాడు లిసాండ్రో. పద్నాలుగో ఏట నుంచి వాడు తల్లిని అలాగే పిలుస్తాడు. పిలిచినప్పుడల్లా తిట్లు తింటాడు. ఈసారి ఆమె తిట్టలేదు. దగ్గరికెళ్ళి వాణ్ణి పట్టుకుంది, ఎముకలన్నీ చేతికి తగిలాయి. ఎంతసేపు పట్టుకుందో మొన్రెయాల్ లెక్కపెట్టలేదు.

వేషగాళ్ళు అప్పటికే కుర్చీలు వదిలి గోడవారకి జరిగారు. తర్వాత వాణ్ణి తన కుడిపక్క కుర్చీలో కూర్చోబెట్టి, బుర్ర నింపి ఇచ్చింది. వాడు గొట్టం గరగరలాడేదాకా తాగాడు. తాగి తిరిగివ్వలేదు. తన కుడిపక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూపించాడు.

"ఇది తియోఫిలో గారిది, ముసలీ. నా తర్వాత ఆయన వంతు."

"ఎవరు బాబూ?" అన్నాడు మొన్రెయాల్.

"వెనక గదిలో ఉన్నారు. మాకు గంతలు కట్టి ఉంటాయి, మాట్లాడితే కొడతారు. అందుకని సాయంత్రం పూట మాతే తాగుతాం. బుర్రా లేదు, ఆకూ లేదు, ఉత్త చేతులే. ఒకళ్ళు ఇచ్చినట్టు గోడ మీద తట్టి పక్కవాళ్ళ పేరు గుసగుసలాడతారు. వాళ్ళు పుచ్చుకున్నట్టు తట్టి, తర్వాతి పేరు చెబుతారు. అలా కుడివైపు తిరుగుతుంది. ఎవరున్నారో తెలుస్తుంది." వాడు కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటేనే గుర్తొస్తాయేమో. "నేను. తియోఫిలో ఆస్తుదిల్యో, ప్రెస్సులో పని. ఆయన తర్వాత మరీనెస్ పావోన్, నర్సు. తర్వాత రోల్దాన్ అన్నదమ్ములు ఇద్దరూ. తర్వాత నొయెమీ స్తొప్పానీ. తర్వాత మళ్ళీ నేను."

మొన్రెయాల్ రాసుకుంటున్నాడు. ఒర్ఫీలియా చేతిలో కెటిల్ ఆగిపోయింది. స్తొప్పానీ బ్రీహిదా ఇంటిపేరు.

"వీళ్ళు కూడా పొద్దున్నే అరెస్టయ్యారా కెప్టెన్?" అన్నాడు మొన్రెయాల్.

కెప్టెన్ చెదిరిన జుట్టు సర్దుకున్నాడు. "అయ్యుండొచ్చు. తియోఫిలో ఆస్తుదిల్యో. పావోన్. రోల్దాన్లు. పొద్దున చాలామంది అరెస్టయ్యారు."

"నొయెమీ?"

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు."

రెండేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే. లిసాండ్రో తల్లి వైపు తిరిగాడు.

"పోయిన చలికాలంలో ఒక రోజు తీసుకెళ్ళారు," అన్నాడు తల్లితో, మెల్లగా. "అప్పటి నుంచి తట్టదు. కానీ తన వంతు మేం దాటెయ్యం ముసలీ. పెద్దన్న రోల్దాన్ నొయెమీ అని పిలుస్తాడు. కాసేపు ఆగుతాం, ఆమె తాగేంతసేపు. ఆ తర్వాతే నేను పుచ్చుకుంటాను."

ఒర్ఫీలియా హోటల్ ముందుకి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. క్యూ ఇంకా ఉంది. బ్రీహిదా కదల్లేదు. ఆమె పేరు రేపు పిలుస్తారట. ఒర్ఫీలియా స్థలంలో ఎవరూ నిలబడకుండా తన సంచీ పెట్టి కాపలా కాసింది.

"దొరికాడా?"

"దొరికాడు. ఊరి జైలుకి మారుస్తారట, ఆదివారం చూడనిస్తారట. ఇవాళ పొద్దునే అరెస్టయ్యాడట తెలుసా? బొడ్డు దాకా గడ్డం."

బ్రీహిదా పగలబడి నవ్వింది. ముందున్నవాళ్ళకి చెప్పింది, వెనకున్నవాళ్ళకి చెప్పింది. క్యూ పొడుగునా ఆ గడ్డం మిఠాయి కొట్టు దాకా ప్రయాణం చేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని ఒర్ఫీలియా మొహం చూసింది. మాంసం కొట్టులో ముప్ఫై ఏళ్ళు నిలబడిన మనిషి, ఎదుటివాళ్ళ మొహం చదవడం వచ్చు.

"మా అమ్మాయి?"

ఒర్ఫీలియా పేవ్‌మెంట్ మీద కూర్చుని ఫ్లాస్కు అందుకుంది. మొదటిది తను తాగింది. రెండోది నింపి కుడిపక్కన కూర్చున్న బ్రీహిదా చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పింది, ఉన్నదున్నట్టు. గోడ మీద తట్టడం, కుడివైపు తిరగడం, పోయిన చలికాలం, పెద్దన్న రోల్దాన్ పిలవడం.

బ్రీహిదా అంతా విని అడిగింది.

"ఆగుతారా?"

"ఆగుతారు. ఆమె తాగేంతసేపు."

"దానికి వేడి పడదు. ఊదుకుంటూ తాగుతుంది. అంతసేపు ఆగుతారా?"

"ఆగుతారు."

బ్రీహిదా బుర్రని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, తాగలేదు. ఆమె కుడిపక్కన ఇంకా బోలెడుమంది ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.